కిటికీ కమ్మీకి కట్టిన మొక్కలు

మా ఊరి వ్యవసాయ ఆఫీసు ఎందుకు మూతపడిందని ఎవరిని అడిగినా ఒకటే జవాబు. రైతులు రావడం మానేశారట, అందుకని ఎత్తేశారట. మొన్న తిరువళ్ళూరులో మా చిన్నాయన మనవరాలికి చెవులు కుట్టిన రోజు, భోజనాల పంక్తిలో ఈ మాట మళ్ళీ వచ్చింది. చిన్నాయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. పొలాన్ని కౌలుకిచ్చి పట్నం చేరి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. ఆ ఆఫీసు మెట్టు ఆయన ఒక్కసారి కూడా ఎక్కి ఉండడు. అయినా ఆకులో పాయసం జుర్రుకుంటూ తీర్పు చెప్పేశాడు.

"మనోళ్ళకే అక్కర లేకపాయ. ఈగలు తోలుకుంటా కూసున్నోనికి గవర్మెంటు ఎన్నాళ్ళని జీతమిస్తాది?"

పంక్తిలో సగం తలలు ఊగాయి. నేను నెయ్యి వడ్డిస్తున్నదాన్ని గిన్నె కింద పెట్టి, ఆ ఈగల్ని నువ్వెప్పుడు చూశావు చిన్నాయనా అని అడిగాను. ఆయనకు కోపం రాలేదు. నవ్వాడు. "నీకు నోరూ ఉండాది, బీఏ కూడా ఉండాది. నీతో వాదించి గెలిచేదెవురు తల్లీ" అని చేయి కడుక్కోవడానికి లేచాడు.

నాతో ఎవరూ గెలవనక్కర లేదు. కానీ రైతులు రాలేదన్నది అబద్ధం. అబద్ధమని నాకు తెలుసు, మా అక్కకు తెలుసు, మా ఊళ్ళో పూలు కోసే ప్రతి ఆడదానికీ తెలుసు. అయినా పదిమంది నోట నాని అది నిజంలా చలామణీ అవుతోంది. నాకు ఒళ్ళు మండేది అందుకే.

మా ఊరు అత్తిమంజేరిపేట దాటాక లోపలికి తిరిగే రోడ్డులో ఉంది. నేను చదువుకుని, పెళ్ళయి తిరువళ్ళూరు వచ్చేశాను. అక్కను ఊళ్ళోనే ఇచ్చారు. అమ్మా నాన్నా పోయాక పుట్టిల్లంటే నాకు అక్క ఇల్లే. మాది చెరుకూ వరీ వేరుసెనగా పండే నేల. బావి దగ్గరి చెలకల్లో మాత్రం కనకాంబరం వేస్తారు. చెరుకు మగవాళ్ళది, పూలు ఆడవాళ్ళవి. ఇది ఎక్కడా రాసి లేదు, కానీ మా ఊళ్ళో పుట్టినవాళ్ళకు చెప్పక్కర కూడా లేదు. నాటేది, కోసేది, తిరుత్తణి మార్కెట్టుకు పంపేది అంతా ఆడవాళ్ళే.

ఆఫీసు పాల సొసైటీ పక్కన ఉండేది. రెండు గదులు, ముందొక వసారా, రోడ్డు వైపు కమ్మీల కిటికీ. మావాళ్ళు దాన్ని అరవంలోనే వేళాణ్మై ఆఫీసు అనేవాళ్ళు. అందులో ఒక సారు. మోటారుబండి మీద పొద్దెక్కాక వచ్చేవాడు. పూలవాళ్ళకు అది కుదరని వేళ. తెల్లవారకముందే కోత మొదలవుతుంది. కోసిన పూలు తడిగుడ్డలో మూట కట్టి మొదటి బస్సుకు వేయాలి. అదయ్యాక ఇంట్లో వంట, ఆ తర్వాత కూలి. సారు కుర్చీలో కూర్చునే వేళకు ఊళ్ళో ఏ ఆడదీ ఖాళీగా ఉండదు.

అందుకని వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. తోటలో ఏ మొక్కకైనా జబ్బు కనిపిస్తే వేరుతో సహా పెరికి, మట్టి దులపకుండా, బస్సుకు పోయే దారిలో ఆ కిటికీ కమ్మీకి కట్టేసి పోవడం. కట్టడానికి ఎవరి గుడ్డపీలిక వాళ్ళది. మా అక్కది ఎప్పుడూ పాత పచ్చ చీర అంచు. సారు వచ్చి కమ్మీల మీది మొక్కలు విప్పి, చీల్చి, వేరు చూసి, మధ్యాహ్నం బండి మీద ఆయా తోటల వైపు తిరిగేవాడు. ఏ పీలిక ఎవరిదో ఆయనకు తెలుసు. గట్టు మీదే నిలబడి ఇది పెరికెయ్, దానికి వేపపిండి వెయ్, ఈ నీళ్ళు ఆపు అని చెప్పి పోయేవాడు. అన్నీ ఆయనకు తెలుసని నేననను. చాలాసార్లు బుర్ర గోక్కుని, పెద్దాఫీసులో అడిగి చెబుతాననేవాడు. ఒక అవ్వ పొట్లతీగ తెచ్చి కట్టి, పక్కింటిదాని కళ్ళు పడి ఎండిందని సొసైటీ ముందు రచ్చ చేస్తే, "దిష్టికి మా డిపార్ట్‌మెంట్‌లో మందు రాలేదవ్వా, వస్తే మొదట నీకే" అన్నాడట. ఆ మాట మా ఊళ్ళో ఇప్పటికీ నడుస్తోంది.

ఇప్పుడు చెప్పండి. ఆ ఆఫీసుకు రైతులు వచ్చినట్టా, రానట్టా? లోపల కుర్చీలో కూర్చుని నమస్కారం పెడితేనే వచ్చినట్టు లెక్కా?

ఒక రోజు వ్యాను వచ్చి ఆఫీసులోని బల్లా బీరువా ఎత్తుకుపోయింది. తలుపు మీద అరవంలో ఒక కాగితం అంటించారు. ఈ కేంద్రాన్ని పెద్దాఫీసులో కలిపేశారు, ఇకపై అక్కడికి రావాలి, లేదంటే ఫోన్లో యాప్ ఉంది. ఊళ్ళోని మగవాళ్ళ వాట్సాప్ గుంపులోనూ ఆ కబురు వచ్చిందట. మా బావ చూసి, బొటనవేలు గుర్తు కూడా పెట్టాడట. ఇంట్లో చెప్పావా బావా అంటే, "చెప్పే అంత సంగతా అది" అన్నాడు.

అలా ఆ సంగతి ఆడవాళ్ళకు చేరలేదు. మీరనవచ్చు, తలుపుకు తాళం కనిపించలేదా అని. చేయి కడుక్కుని వచ్చి చిన్నాయన కూడా అదే అడిగాడు. వాళ్ళు ఆ దారిన పోయే వేళకు ఆ తలుపుకు ఎప్పుడూ తాళమే ఉంటుంది. ఏళ్ళ తరబడి వాళ్ళు చూసింది తాళం వేసిన ఆఫీసునే. నెత్తిన పూలమూటతో బస్సుకు పరుగెత్తే మనిషి, మసక వెలుతురులో ఆగి, తలుపు మీది కాగితం చదువుతుందా? బోర్డు కూడా పీకలేదు. అందుకని వాళ్ళు మొక్కలు కడుతూనే ఉన్నారు. సారు ఎక్కడో ట్రైనింగుకు పోయి ఉంటాడనుకున్నారు. కట్టినవి కట్టినట్టే ఎండిపోయి, కిటికీ అంతా గడ్డివామిలా తయారైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అక్క తోటకు జబ్బు తగిలింది.

ఆ తోట సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అది మా బావ పేరు మీదున్న బావిచెలక. పట్టాలో అక్క పేరు లేదు. మద్రాసు నుంచి స్థలాల బ్రోకర్లు ఇటు దాకా వచ్చేశారు. చుట్టూ ఉన్న పొలాల్లో అప్పటికే రాళ్ళు పాతి, రంగుజెండాలు కట్టేశారు. బావకు ఎప్పటి నుంచో అమ్మేయాలని ఉంది. అక్కకు ససేమిరా ఇష్టం లేదు. ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం నడుస్తుండేది. పూలు పూచినన్నాళ్ళు చెలక అక్కది, అటు వైపు బ్రోకరు రాకూడదు. బావ మాట తప్పే మనిషి కాదు. ఆయన్ను నేను చెడ్డవాడనడం లేదు. "పూస్తా ఉంటే నేనేల అడుగుతాను? పూయకపోతే మాత్రం నన్ను తిట్టుకోవద్దు" అనేవాడు. అక్క చేతిలో ఉన్న పట్టా కాగితం, కోర్టు, వకీలు అన్నీ ఆ కనకాంబరం మొక్కలే.

ఆ మొక్కలు పాలిపోవడం మొదలుపెట్టాయి. ముందు ఒక మూల ఆకులు పసుపు తిరిగి, అంచుల్లో ఊదారంగు పులుముకుంది. కంకులు పొట్టివైపోయాయి. అక్క వెంటనే ఒక మొక్కను వేరుతో పెరికి తీసుకుపోయింది. కిటికీ నిండా పాత మొక్కలున్నాయి. వాటిని పక్కకు జరిపి, చోటు చేసుకుని, తనది పచ్చ అంచుతో కట్టి బస్సుకు పోయింది. సారు రాలేదు. కొన్నాళ్ళు చూసి ఇంకో మొక్క కట్టింది. ఆ పాతవి ఎందుకు ఎండుతున్నాయో అడగాలని తోచలేదా అక్కా అంటే, నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "ఆయప్పకు పని జాస్తి అనుకుంటి. మనది మాత్రమే చూడు అని ఎట్ట అడిగేది? నా ముందర కట్టినోళ్ళు ఉండారు కదా మే."

వరస తప్పకూడదని ఆమె కాచుకుంది. తాళం వేసిన గది ముందు మర్యాదగా తన వంతు కోసం కాచుకుంది. పసుపు మూల నుంచి నడిమికి పాకింది.

పండక్కని నేను ఊరికి పోయినప్పుడు గానీ ఈ సంగతి బయటపడలేదు. తలుపు మీది కాగితం చదివింది నేనే. చదివి అక్కకు చెప్పాను. "ఎవురో ఒకరు చెప్పుంటే సరిపోతుండె" అంది. అంతే.

కాగితం చెప్పినట్టే చేశాం. నా ఫోన్లో యాప్ దించాను. పట్టాదారు ఫోను నంబరు కావాలంది. బావ నంబరు ఇచ్చాం. ఆయన ఫోనుకు వచ్చిన అంకెల కోసం ఆయన్ను టీకొట్టు నుంచి పిలిపించాం. చివరికి ఫొటో పెట్టమంది. ఆకు స్పష్టంగా కనపడాలట, వెలుతురు బాగుండాలట. పెట్టాం. మర్నాడు జవాబు వచ్చింది. ఇనుము తక్కువైంది, ఫలానా మందు నీళ్ళలో కలిపి ఆకుల మీద కొట్టండి. తిరుత్తణిలో మందుల కొట్టాయన కూడా ఆ ఫొటో చూసి అదే అన్నాడు, పైగా ఇంకో రెండు సీసాలు అంటగట్టాడు. కొట్టాం. ఆకులు నాలుగు రోజులు పచ్చబడినట్టే అయి మళ్ళీ మొదటికొచ్చాయి.

ఆ యాప్‌లో వేరు చూపడానికి చోటు లేదు. ఆకు చూపు, కాయ చూపు, పువ్వు చూపు. మట్టిలో ఏం జరుగుతోందని అడిగే ప్రశ్నే లేదు. మా ఊరి ఆడవాళ్ళకు, బడికి పోనివాళ్ళకు కూడా, మొక్కను వేరుతో సహా తేవాలని తెలుసు. అది తయారుచేసినవాళ్ళకు మాత్రం తోచలేదు.

అప్పుడిక లాభం లేదని, అక్క ఒక మొక్కను మట్టిగడ్డతో తవ్వి తడిగోనెలో చుట్టుకుంటే, ఇద్దరం బస్సెక్కి పెద్దాఫీసుకు పోయాం. అక్కడ బల్ల దగ్గరున్నాయన గోనె విప్పనివ్వలేదు. పూలు మా శాఖ కాదు, తోటల శాఖ అన్నాడు. తోటల శాఖ మేడ మీద. మేడ మీద గది తెరిచే ఉంది, ఫ్యాను తిరుగుతోంది, మనిషి లేడు. ఫీల్డుకు పోయారన్నారు. ఏ ఫీల్డు అని నేనడిగాను. మా ఫీల్డుకైతే ఎవరూ రాలేదు, ఇంకెవరి ఫీల్డు అని గొంతు పెంచాను. అక్క నా మోచేయి గిల్లింది. ఇంకో రోజు పోయాం, ఆ రోజు మీటింగు. మొక్క గోనెలోనే వడలింది.

చివరికి తిరువళ్ళూరులో రైతులు తమ కష్టాలు చెప్పుకునే రోజున, జిల్లా అధికారులందరూ వరసగా కూర్చునే హాలుకు అక్కను తీసుకుపోయాను. అక్క ముందురోజే మా ఇంటికి వచ్చి పడుకుంది, కొత్త మొక్క తెచ్చింది. ఊళ్ళో ఎంత నోరున్న మనిషైనా మైకు ముందు నీళ్ళు నములుతుంది. అక్క సంగతి చెప్పనే అక్కర లేదు. మైకు నేనే పట్టుకున్నాను. అరవంలో కడిగేద్దామని ఇంటి నుంచే మాటలు కూర్చుకుని పోయాను. అధికారి ఒకాయన నన్ను సగంలో ఆపి, మొక్క ఇటివ్వండమ్మా అన్నాడు. ఆయన కూడా చెడ్డవాడేం కాదు. మట్టి తన బల్ల మీద రాలుతున్నా లెక్కచేయకుండా వేరు విదిలించి గోటితో చీల్చాడు. సన్నవేర్ల నిండా బుడిపెలు. వేరుకు పట్టే నులిపురుగు అన్నాడు. తోటంతా పాకిందా అని అడిగాడు. పాకిందన్నాం.

"మొదట్లోనే ఆ మూల పెరికేసి బంతి నాటి ఉంటే ఆగిపోయేదమ్మా. ఇంతదాకా ఎందుకు వదిలేసినారు?"

నేను నోరు తెరిచేలోపు అక్క అందుకుంది. తనకు వచ్చిన అరవంలో, మైకు లేకుండా, మెల్లగా చెప్పింది.

"వదల్లేదు సార్. అప్పుడే తెచ్చి కట్టినాను."

"ఏడ కట్టినారు?"

"కిటికీకి."

ఆయనకు అర్థం కాలేదు. పక్కాయన నవ్వాడు. నేను మైకు లాక్కుని మా ఊరి పద్ధతంతా విప్పి చెప్పాను. కిటికీ, పీలికలు, బస్సు వేళ, ఎండిన మొక్కలు. మీరు మూసింది ఎవరూ రాని ఆఫీసును కాదు, రోజూ పనున్న ఆఫీసును అన్నాను. ఆ అధికారి చేతిలోని వేరును బల్ల మీద పెట్టి, రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు.

"నాకిది తెలియదమ్మా. నిజంగానే తెలియదు. కేంద్రాలు కలిపేటప్పుడు మీటింగులో నేనుండినా. రోజుకు ఎంతమంది వస్తారని ఒక్కొక్కరినే అడిగినాం. మీ ఊరి కేంద్రం సారు లేచి, ఎవరూ రారు సార్ అన్నాడు. ఆయన నోటితోనే అన్నాడు."

ప్రభుత్వాన్ని తిట్టడానికి తయారై పోయాను. రాజధానిలో కూర్చుని గీతలు గీసేవాళ్ళను, యాప్ తయారుచేసినవాళ్ళను, వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తే మా బావను, అందరికీ తగినన్ని మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆ సారు కోసం మాత్రం ఒక్కటి కూడా పెట్టుకోలేదు. ఆయన మా అక్క ఇంట్లో మజ్జిగ తాగిన మనిషి. ఆ పచ్చ అంచును విప్పిన మనిషి.

బస్టాండు దాకా నేను ఆయన్ను తిడుతూనే నడిచాను. మద్రాసు వైపు బదిలీ కావాలనుకుని ఉంటాడు, కేంద్రం మూస్తే తప్ప కదలనివ్వరని అలా అని ఉంటాడు అన్నాను. అక్క ఖాళీ గోనె మడిచి చంకలో పెట్టుకుంది.

"ఆయన అబద్ధమేమీ చెప్పలేదులే. మేం లోపలికి పోలేదు కదా" అంది.

"లోపలికి పోకపోతే పోనట్టేనా అక్కా?"

"వాళ్ళు అడిగింది మనుషుల్ని. మొక్కల్ని అడగలేదు."

ఆ ఓర్పు చూస్తే నాకు ఇంకా మండుకొచ్చింది. తన తోట పోయిన మనిషి, ఆ తోట పోగొట్టిన మాటకు తానే సాకు వెతుకుతోంది. ఇలా సర్దిచెప్పుకునేవాళ్ళు ఉన్నంతకాలం గవర్మెంటువాళ్ళు ఏ ఆఫీసైనా మూస్తారు, ఏ బడైనా మూస్తారు అన్నాను. అక్క బస్సులో కూర్చున్నాక కూడా నేను కిటికీ పక్కన నిలబడి అంటూనే ఉన్నాను. "నువ్వు ఇంటికి పో, పిల్లోళ్ళు బడి నుంచి వచ్చేస్తారు" అంది అక్క.

ఆమె తోట పెరికేసింది. అధికారి చెప్పినట్టే ఒక్క మొక్క మిగలకుండా పెరికి కాల్చింది. కొన్నాళ్ళు భూమిని ఎండబెట్టి మళ్ళీ నాటాలని ఆమె ఉద్దేశం. బావ అరవలేదు, పోట్లాడలేదు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "పూలుండంగా నేనొక మాటైనా అన్నానా? ఇప్పుడు చెప్పు, ఏం చూపించి ఆపుతావు?" అన్నాడట. అక్క ఎన్నేళ్ళుగానో ఆ ప్రశ్నకు రోజూ పొద్దున్నే ఒక పూలమూటతో జవాబు చెప్పేది. ఆ రోజు చేతిలో మూట లేదు. నెల తిరిగేలోపు చెలకలో రాళ్ళు పడ్డాయి. ఇప్పుడు అక్క తలలో పెట్టుకునే మూర పూలు కూడా బజారులో కొంటోంది. బావి దారిలో పోవడం మానేసి, సొసైటీ వెనక నుంచి చుట్టూ తిరిగి పోతోంది.

రేపు ఎవరో లెక్క తీస్తారు. ఈ ఊళ్ళో సాగు తగ్గిపోయింది, రైతులే లేరు, మూసేయడం సరైన పనే అని ఇంకొక పంక్తిలో ఇంకొక చిన్నాయన చెబుతాడు. అప్పుడు కాదనడానికి నా దగ్గర తోట కూడా లేదు.

ఆ సారు పాత నంబరు నా దగ్గర ఉంది. చేసినప్పుడల్లా స్విచ్ఛాఫ్ అని అరవంలో ఒకావిడ చెబుతుంది. ఏ ఊళ్ళో ఉన్నాడో అడిగితే తలో ఊరు చెప్పారు. ఆయన్ను తిట్టాలన్న కోపం కూడా కాస్త చల్లారింది. మా అక్కకైతే అక్కర లేదు, నాకే ఒక జవాబు కావాలి. సారూ, ఆ మీటింగులో లేచి నిలబడి ఎవరూ రారని మీరు చెప్పినప్పుడు, ఆ పొద్దున మీ చేత్తో విప్పిన మొక్కలు మీకు గుర్తే రాలేదా, లేక గుర్తొచ్చి కూడా ఆ మాట అన్నారా?